రాత్రి పెట్టుకునే లెన్సులు: అరకు నుంచి వచ్చిన ఒక దరఖాస్తు

పోయిన సంవత్సరం మన సంఘం విద్యా సహాయ నిధికి వచ్చిన దరఖాస్తుల్లో ఒకదాన్ని కమిటీ పెద్దలు నాకు పంపి, "ఇది మాకు అర్థం కావడం లేదు, మీరు చూసి చెప్పండి" అన్నారు. ఏజెన్సీ ఆరోగ్య కేంద్రాల్లో ముప్పయ్యేళ్ళు కంటి పరీక్షలు చేసి రిటైరైన ఆప్తాల్మిక్ అసిస్టెంటును నేను. కంటి డాక్టర్ని కాను, ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది. కమిటీకి అప్పుడు నోటిమాటగా చెప్పిన సంగతులనే ఈ సంచిక కోసం కాస్త విడమరిచి రాస్తున్నాను. అలాంటి దరఖాస్తులు ఇకముందు ఇంకా వస్తాయి. మీ ఇళ్ళల్లో కూడా ఈ ప్రశ్న రావచ్చు.

దరఖాస్తు పెట్టుకున్నది అరకులో కాపురముంటూ చుట్టుపక్కల సంతల్లో రెడీమేడ్ బట్టలు అమ్ముకునే ఒక సోదరుడు. కొడుకు ఐ.టి.ఐ. పూర్తి చేశాడు, పందొమ్మిదేళ్ళు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలుచుకుంటూ వెళ్ళే రైలు లైను మీకు తెలిసిందే. బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరేది ఆ దారినే. ఆ సొరంగాల్లోంచి వచ్చే ఇంజన్లను చూస్తూ పెరిగినవాడు, ఇంజను నడపాలన్నదే వాడి ఆశ. అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదువుతున్నాడు. కానీ కళ్ళకు సైటు ఉంది, రెండు కళ్ళకూ మైనస్ రెండున్నర. విశాఖలో కోచింగుకు వెళ్ళినప్పుడు తోటి కుర్రాళ్ళెవరో చెప్పారట: ఒక రకం లెన్సులున్నాయి, రాత్రి పెట్టుకుని పడుకుంటే పొద్దున లేచేసరికి సైటు పోతుంది, పగలంతా కళ్ళజోడు లేకుండా 6/6 కనిపిస్తుంది, వైద్య పరీక్షలో ఎవరికీ తెలియదు అని. ఒకచోట జతకు నలభై వేలు చెప్పారట. సగం సంఘం ఇస్తే మిగతా సగం అప్పో సప్పో చేసి తెచ్చుకుంటానని తండ్రి రాశాడు.

అరకులో మనం పెట్టిన కంటి శిబిరంలో ఆ అబ్బాయిని కూర్చోబెట్టుకుని మాట్లాడాను. వాడు అడిగిన మొదటి ప్రశ్న: "చాచా, ఇది నిజమేనా, మోసమా?"

నిజమే. ముందు ఆ నిజం చెప్పాలి, తర్వాత మిగతాది.

సైటు అని మనం అనేది హ్రస్వదృష్టి. దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరానివి మసకబారతాయి. వెలుగు కంట్లోకి వచ్చి వెనక ఉన్న రెటీనా అనే పొర మీద సరిగ్గా కేంద్రీకరించాలి. సైటు ఉన్నవాళ్ళకు కనుగుడ్డు ఉండాల్సినదానికంటే కాస్త పొడుగ్గా పెరిగి ఉంటుంది. అందువల్ల వెలుగు రెటీనాకు చేరకముందే కేంద్రీకరించి, రెటీనా మీదకు వచ్చేసరికి మళ్ళీ చెదిరిపోతుంది. పెద్దవాళ్ళ కనుగుడ్డు ముందునుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల సైటు వస్తుంది. మైనస్ రెండున్నర ఉన్నవాడికి స్పష్టమైన చూపు 40 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. చేతిలో పుస్తకం కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి ముఖం అలుక్కుపోతుంది. (చూపంటే కంట్లోంచి కిరణాలు బయటికి వెళ్ళడం కాదు, వస్తువు మీద పడిన వెలుగే కంట్లోకి వస్తుందని వెయ్యేళ్ళ కిందట కైరోలో కూర్చుని ప్రయోగాలతో వాదించినవాడు ఇబ్న్ అల్ హైతమ్. మన పిల్లలకు ఆ పేరు చెబుతూ ఉండాలి.)

కళ్ళజోడు చేసే పని, ఆ వెలుగును కంటికి చేరకముందే కాస్త విప్పి లోపలికి పంపడం. రాత్రి లెన్సు పని అది కాదు, అది కంటి ముందుభాగం ఆకారాన్నే మారుస్తుంది.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా కప్పుకుని ఉండే పారదర్శకమైన పొర కార్నియా. కంటికి మొత్తం సుమారు 60 డయాప్టర్ల శక్తి ఉంటే, అందులో 43 దాకా ఒక్క కార్నియా వంపు వల్లే వస్తుంది. ఆ వంపును కొంచెం చదును చేస్తే శక్తి తగ్గి వెలుగు వెనక్కి జరుగుతుంది, రెటీనాకు చేరుతుంది. ఎంత చదును చేయాలి? సుమారు 7.8 మిల్లీమీటర్లుండే వంపు వ్యాసార్ధాన్ని 8.3 దగ్గరికి తెస్తే మైనస్ రెండున్నర సర్దుకుంటుంది. అందుకోసం కార్నియా నడిమధ్యన తగ్గే మందం 15 మైక్రాన్లకు అటూ ఇటూ, అంటే తలవెంట్రుక మందంలో నాలుగో వంతో ఐదో వంతో. కార్నియా పైపొరలో కణాలు అయిదారు వరుసల్లో ఉంటాయి, మొత్తం 50 మైక్రాన్ల మందం. ఈ మార్పంతా దాదాపు ఆ పైపొరలోనే జరుగుతుంది.

లెన్సు కంటిని గట్టిగా నొక్కి అణగదొక్కుతుందని చాలామంది అనుకుంటారు, ఆ అబ్బాయి కూడా అలాగే అనుకున్నాడు. అలా కాదు. లెన్సుకూ కార్నియాకూ మధ్య కన్నీటి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. లెన్సు లోపలి వైపు నడుమ చదునుగా, దాని చుట్టూ ఒక వలయంలో లోతుగా, అంచు దగ్గర మళ్ళీ కంటికి ఆనుకునేలా చెక్కి ఉంటుంది. నడుమ కన్నీటి పొర బాగా పలచన, చుట్టూ వలయంలో మందం. ఆ తేడా వల్ల పుట్టే ఒత్తిడే నడుమ కణాల్ని కొంచెం పలచన చేసి, చుట్టూ ఉన్న భాగాన్ని మందం చేస్తుంది. నిద్రలో కళ్ళు మూసి ఉండే ఆరు నుంచి ఎనిమిది గంటలు ఈ పని నెమ్మదిగా సాగుతుంది. పొద్దున లెన్సు తీసేస్తే ఆ ఆకారం పగలంతా నిలుస్తుంది. మొదటి రాత్రికే చెప్పుకోదగ్గ తేడా కనిపిస్తుంది, పూర్తి ఫలితానికి వారం పదిరోజులు పడుతుంది.

పైపొర కణాలు ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తవి పుడుతూ ఉంటాయి. అందుకే ఈ మార్పు శాశ్వతం కాదు. ఒక రాత్రి మానేస్తే మర్నాడు సాయంత్రానికి మసక మొదలవుతుంది, రెండు మూడు రోజుల్లో చాలావరకు పాత సైటు వచ్చేస్తుంది, వారం రెండు వారాల్లో కార్నియా తన మామూలు ఆకారానికి చేరుకుంటుంది. లేజర్ ఆపరేషన్‌తో పోలిస్తే దీనిలో ఉన్న మంచీ అదే, చెడ్డా అదే. వద్దనుకుంటే వెనక్కి రావచ్చు. కావాలనుకుంటే మాత్రం ప్రతి రాత్రీ పెట్టుకోవాలి.

ఇది నిన్నమొన్నటి కనిపెట్టుడు కాదు. 1962లోనే అమెరికాలోని షికాగోలో జార్జ్ జెస్సెన్ అనే ఆయన గట్టి ప్లాస్టిక్ లెన్సులతో సైటు తగ్గించే పద్ధతిని ప్రకటించాడు. ఆ లెన్సుల్లోంచి గాలి వెళ్ళదు కాబట్టి పగలు మాత్రమే పెట్టుకునేవారు, ఫలితం ఒకరికి వచ్చినట్టు ఇంకొకరికి వచ్చేది కాదు. నేను పైన చెప్పిన లోతు వలయం ఉన్న లెన్సు 1989 ప్రాంతంలో వచ్చింది. మూసిన కంటికి కూడా ప్రాణవాయువు అందనిచ్చే ప్లాస్టిక్కులు వచ్చాకే రాత్రి వాడకం సాధ్యమైంది. 2002 జూన్‌లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ రాత్రంతా పెట్టుకోవడానికి ఒక లెన్సును అనుమతించింది, మైనస్ ఆరు దాకా. డాక్టర్లు ఈ పద్ధతిని ఆర్థోకెరటాలజీ అంటారు, పొట్టిగా ఆర్థో-కె. మన పెద్ద నగరాల్లోని కొన్ని కంటి ఆసుపత్రులూ క్లినిక్కులూ కూడా ఇప్పుడు వీటిని అమరుస్తున్నాయి.

ఇంతవరకు విన్న అబ్బాయి ముఖం వెలిగింది. "అయితే నాకు పనికొస్తుందిగా చాచా" అన్నాడు. అప్పుడు రెండో సగం మొదలుపెట్టాను.

అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రైల్వే పెట్టిన వైద్య ప్రమాణాన్ని ఏ-1 అంటారు. రెండు కళ్ళకూ విడివిడిగా 6/6, కళ్ళద్దాలు లేకుండా. లేజర్ చేయించుకున్నవాళ్ళను కూడా తీసుకోరు. ఎందుకింత కఠినం? ఇంజను ముందు గాజులోంచి దూరంలోని సిగ్నల్ రంగును వానలో, మంచులో, అర్ధరాత్రి గుర్తుపట్టాలి కాబట్టి. అనంతగిరి దాటాక పొద్దుటిపూట మంచు ఎలా కమ్ముతుందో ఆ అబ్బాయికి నేను చెప్పనక్కర్లేదు. రాత్రి లెన్సుతో పరీక్ష గది దాటాడే అనుకుందాం. ఉద్యోగంలో చేరాక రన్నింగ్ డ్యూటీకి పగలూ రాత్రీ ఉండదు. ఏ రాత్రి నిద్ర ఉంటుందో, ఏ రాత్రి ఇంజను ఎక్కాలో చెప్పలేం. వరుసగా రెండు రాత్రులు డ్యూటీ పడితే మూడో రోజు సిగ్నల్ మసకగా కనిపిస్తుంది. అదొక్కటే కాదు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. లెన్సు చదును చేసిన భాగం చిన్నది, నాలుగైదు మిల్లీమీటర్లే. కంటిపాప దాన్ని దాటి తెరుచుకున్నప్పుడు దీపాల చుట్టూ గుడి కట్టినట్టు వలయాలు కనిపిస్తాయి. రాత్రి లెన్సు వాడేవాళ్ళలో చాలామంది చెప్పే ఫిర్యాదే ఇది. సిగ్నల్ దీపం చుట్టూ వలయం కనిపించే మనిషి చేతిలో రైలు పెడతామా?

"నువ్వు నడిపే రైల్లో మీ అమ్మీ కూర్చుని ఉంటే?" అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. వాడికి అర్థమైందని ముఖం చూస్తేనే తెలిసింది.

ఇక నన్ను ఎక్కువ భయపెట్టే విషయానికి వస్తాను. అది ఉద్యోగం సంగతి కాదు, నీళ్ళ సంగతి.

ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో కార్నియా మీద పుండు పడి వచ్చినవాళ్ళను నేను లెక్కలేనంతమందిని చూశాను. వరి కోతల్లో ఆకు కోసుకున్నవాళ్ళు, కట్టెలు కొడుతుంటే చితుకు తగిలినవాళ్ళు. ఇంట్లో ఆకు పసరు పిండి నాలుగు రోజులు చూసి, అయిదో రోజున వచ్చేవారు. అప్పటికి నల్లగుడ్డు మీద సున్నం చుక్క పెట్టినట్టు తెల్లమచ్చ. అలాంటి మచ్చ మానినా తెలుపు పోదు. చూపు కావాలంటే చనిపోయినవారి కార్నియాతో మార్పిడి ఒక్కటే దారి. విశాఖలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రాంగణంలో ఉన్న మొహసిన్ ఐ బ్యాంకు లాంటివి అందుకోసమే ఉన్నాయి. ఆరోగ్యమైన కార్నియా మీద ఒక్క చిన్న గీత పడితే క్రిములకు తలుపు తీసినట్టే. రాత్రంతా లెన్సు కింద, మూసిన రెప్ప కింద, గాలి తక్కువగా, వెచ్చగా ఉన్న కార్నియా మరీ బలహీనంగా ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. 2001 నుంచి తైవాన్, చైనా, హాంకాంగ్‌లలో రాత్రి లెన్సులు వాడిన పిల్లల కళ్ళల్లో పుండ్లు పడ్డ కేసులు వైద్య పత్రికల్లో వరుసగా వచ్చాయి. 2007 నాటికి అలా నమోదైనవి 120 దాటాయి. వాటిలో దాదాపు మూడో వంతుకు కారణం అకాంతమీబా అనే సూక్ష్మజీవి. అది కుళాయి నీళ్ళలో, బావి నీళ్ళలో, చెరువు నీళ్ళలో మామూలుగా ఉండేదే. తాగితే సాధారణంగా ఏమీ చేయదు, లెన్సుకు అంటుకుని కంట్లోకి వెళ్తే నెలల తరబడి వదలదు. ఆ పిల్లల్లో చాలామంది లెన్సును కుళాయి నీళ్ళతో కడిగారు. తర్వాత నియమాలు గట్టిపడ్డాయి. 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం లెక్క ప్రకారం పదివేల మంది ఏడాదిపాటు వాడితే కార్నియా ఇన్ఫెక్షన్ సుమారు 8 మందికి వస్తుంది, పిల్లల్ని మాత్రమే తీసుకుంటే 14 మందికి. పెద్ద సంఖ్య కాదని అనిపిస్తుంది. కానీ అది శుభ్రత గురించి గట్టిగా నేర్పి, పిలిస్తే పలికే డాక్టరున్న చోటి లెక్క.

మన ఇళ్ళకు సంబంధించిన ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఏ లెన్సు డబ్బా మీదా ఇది రాసి ఉండదు. రాత్రి లెన్సు పెట్టుకున్నవాడు ఫజ్ర్‌కు లేస్తాడు, నిద్రమత్తులోనే వుజూకు కూర్చుంటాడు, లెన్సు కంట్లోనే ఉంటుంది. ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటాడు. ఆ నీళ్ళే లెన్సు కిందికి వెళ్తాయి. వుజూలో ముఖం కడగాలి గాని కంటి లోపల కడగాలని లేదు కాబట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని తడుపుకోవచ్చు. ఇంకా మంచిది వరస మార్చుకోవడం. ముందు సబ్బుతో చేతులు కడిగి, పొడిబట్టతో పూర్తిగా తుడుచుకుని, లెన్సు తీసి మందు నీళ్ళలో వేసి, తర్వాత వుజూ చేయాలి. లేవగానే లెన్సు కొన్నిసార్లు కంటికి అతుక్కుని ఉంటుంది, రెండు చుక్కల కంటి మందు వేసి అది కదిలేదాకా ఆగాలి, లాగకూడదు. అంటే ఫజ్ర్‌కు ఇంకో పావుగంట ముందు లేవాలి. ఇక రంజాన్‌లో తరావీహ్ అయ్యేసరికి ఏ పదకొండో, సహరీకి మళ్ళీ మూడున్నరకో నాలుగుకో లేవాలి. ఏకబిగిన ఆరేడు గంటల నిద్ర ఎక్కడిది? నెలంతా చూపు అరకొరగానే ఉంటుంది. నగరంలో ఈ లెన్సులు పెట్టించుకోవాలనుకునే మనవాళ్ళు తమ డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఆ నెల లెన్సులు పక్కనపెట్టి కళ్ళజోడు వాడుకోవచ్చా, ఎలా అన్నది ఆయన చెబుతారు.

కొండమీది ఇంట్లో పరిస్థితి చూడండి. ఆ కుటుంబం వాడేది బోరు నీళ్ళు, అది చెడిపోతే గెడ్డ నీళ్ళు. లెన్సు శుభ్రం చేసే ద్రావణం అరకులో దొరకదు, విశాఖ నుంచి తెచ్చుకోవాలి. అయిపోయిన రోజున ఏం చేస్తారు? నీళ్ళతో కడుగుతారు. మనిషి స్వభావం అంతే, నేనైనా అంతే. లెన్సు అమర్చాలంటే కార్నియా కొండాగుంటలన్నిటినీ పటం గీసే టోపోగ్రఫీ యంత్రం కావాలి. మొదటి రాత్రి పెట్టుకున్న మర్నాడు పొద్దున చూపించుకోవాలి, తర్వాత వారానికి, నెలకు, ఆపైన కొన్ని నెలలకొకసారి. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే అదే రోజు డాక్టరు చూడాలి, రేపు అనడానికి లేదు. అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్లు, సగం ఘాట్ రోడ్డు. వానాకాలంలో కొండచరియ విరిగిపడితే ఆ రోడ్డు ఏమవుతుందో మనందరికీ తెలుసు.

ఇంత చెప్పి, ఈ లెన్సులు ఎవరికీ వద్దని నేను అనడం లేదు. వీటికి అసలు విలువ వేరేచోట ఉంది. ఆ కుటుంబంలోనే అది నా కళ్ళెదుట కూర్చుని ఉంది, దరఖాస్తులో దాని ఊసే లేదు.

శిబిరానికి ఆ అబ్బాయితోపాటు వాళ్ళ చెల్లెలు కూడా వచ్చింది. తొమ్మిదేళ్ళు. ఎవరూ పరీక్షించమని అడగలేదు, అన్న వెనకాల నిలబడి చార్టు చదవడానికి కళ్ళు చికిలిస్తుంటే నేనే పిలిచి కూర్చోబెట్టాను. మైనస్ ఒకటింబావు. బళ్ళో బోర్డు కనిపించడం లేదని ఇంట్లో చెప్పలేదట. పక్కపిల్ల నోటుబుక్కు చూసి రాసుకుంటోందట.

తొమ్మిదేళ్ళకు సైటు మొదలైన పిల్లకు కనుగుడ్డు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, పదహారు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా సైటు ఏటేటా పెరుగుతుంది. మైనస్ ఆరు దాటితే అది కళ్ళజోడు మందంతో పోయే సంగతి కాదు. బాగా సాగిన కనుగుడ్డులో రెటీనా పలచబడి చిరిగే ప్రమాదం, నడివయసులో చూపు మధ్యభాగం దెబ్బతినే ప్రమాదం, నీటికాసుల ప్రమాదం పెరుగుతాయి. కాబట్టి పిల్లల విషయంలో అసలు ప్రశ్న సైటు ఈ పూటకు ఎలా పోగొట్టాలన్నది కాదు, దాని పెరుగుదలను ఎలా నెమ్మదింపజేయాలన్నది. రాత్రి లెన్సులు ఈ పని చేస్తాయని మొదట హాంకాంగ్ పరిశోధకులు చూపించారు. 2012లో ప్రచురించిన వారి అధ్యయనంలో ఆరు నుంచి పదేళ్ళ పిల్లలను రెండు జట్లు చేశారు. రెండేళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న పిల్లల కనుగుడ్లు సగటున 0.63 మిల్లీమీటర్లు పొడుగు పెరిగితే, రాత్రి లెన్సులు వాడినవారివి 0.36 మాత్రమే పెరిగాయి. అంటే పెరుగుదల 43 శాతం తగ్గింది. చిన్న వయసులోనే మధ్యలో మానేస్తే మాత్రం పెరుగుదల మళ్ళీ వేగం పుంజుకుంటుందని అదే బృందం తర్వాత గమనించింది.

ఆ పని చేసేవి లెన్సులొక్కటే కాదు. అట్రోపిన్ అనే కంటి చుక్కల మందును చాలా పలచన చేసి రోజూ పడుకునే ముందు ఒక చుక్క వేస్తే సైటు పెరుగుదల తగ్గుతుందని సింగపూర్, హాంకాంగ్ అధ్యయనాలు చెబుతున్నాయి. మన దేశంలో ఆ చుక్కలు దొరుకుతాయి, డాక్టరు రాస్తేనే వాడాలి. పగటిపూట వాడే ప్రత్యేక మెత్తని లెన్సులు, ప్రత్యేక కళ్ళద్దాలు కూడా వచ్చాయి, ధర ఎక్కువ. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో హ్రస్వదృష్టి మీద ప్రత్యేకంగా పరిశోధన జరుగుతోంది. వారి ప్రాంగణం 2006 నుంచి విశాఖలోనూ ఉంది.

పైసా ఖర్చు లేనిది ఇంకొకటి ఉంది, ఎండ. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో పన్నెండు బడుల్లో ఆరేడేళ్ళ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. సగం బడుల్లో పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఆడించారు. మూడేళ్ళకు మామూలు బడుల్లో 39.5 శాతం మందికి సైటు వస్తే, ఆడించిన బడుల్లో 30.4 శాతానికే వచ్చింది. ఆరుబయటి వెలుగు ఇంట్లో దీపాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అది కనుగుడ్డు సాగకుండా ఆపే రసాయనాన్ని రెటీనాలో పుట్టిస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మన దగ్గరే చూడండి. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఏడు నుంచి పదిహేనేళ్ళ పిల్లలను పరీక్షిస్తే 4.1 శాతానికి హ్రస్వదృష్టి ఉన్నట్టు 2002లో ప్రచురించారు. అదే ఏడాది ఢిల్లీ పిల్లల లెక్క 7.4 శాతం. 2015లో ఢిల్లీ బడుల్లో జరిగిన మరో అధ్యయనంలో అది 13 శాతం దాటింది. అడవిలో, పొలాల్లో తిరిగి పెరిగే ఏజెన్సీ పిల్లల్లో సైటు తక్కువగా చూసేవాణ్ణి నేను. రిటైరయ్యే నాటికి ఆశ్రమ పాఠశాలల్లో పెద్ద తరగతుల పిల్లల్లో ఎక్కువగా కనబడసాగింది. ఇది నా అనుభవం మాత్రమే, లెక్క కట్టినది కాదు. హాస్టల్లో చదువు గంటలు పెరిగాయి, చేతిలోకి ఫోను వచ్చింది.

కొండల్లో సైటు ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కావలసింది ఇంకా మామూలు కళ్ళజోడే. ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనలేం. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుంచి ఉంది, బడిపిల్లలకు ఉచితంగా కళ్ళద్దాలు ఇవ్వడం అందులో భాగం. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు పథకంలో ముందుగా బడిపిల్లల కళ్ళే చూశారు. కాని కళ్ళజోడు ఒకసారి ఇచ్చి వదిలేసే వస్తువు కాదు. ఫ్రేము విరుగుతుంది, పవరు మారుతుంది, ఆడపిల్లకు పెళ్ళి కాదేమోనని ఇంట్లోవాళ్ళు తీయించేస్తారు. కళ్ళజోడు పెట్టుకుంటే సైటు పెరుగుతుందనే మాట నేను ముప్పయ్యేళ్ళూ విన్నాను, ఇప్పటికీ వింటున్నాను. అది అబద్ధం. పెట్టుకోకపోతే పిల్ల చదువు పోతుంది, సైటు మాత్రం ఎక్కడికీ పోదు.

కమిటీకి నేను చెప్పింది ఇది. అబ్బాయి లెన్సులకు డబ్బు ఇవ్వవద్దు. మొన్నటి శిబిరంలో ఫ్రేముతో సహా ఒక జతకు మనకు 350 రూపాయలు పడింది. నలభై వేలంటే వందమందికి పైగా పిల్లల కళ్ళజోళ్ళు. ఒక సభ్యుడు లేచి, "వాడి ఆశ మీద నీళ్ళు చల్లినట్టు కాదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే రైల్వే వైద్య ప్రమాణాల పట్టిక తెచ్చి చూపించాను. ఏ-1 ఒక్కటే కాదు, బి-1, సి-1 అని ఉన్నాయి. బి-1కు కళ్ళద్దాలతో 6/9, 6/12 కనిపిస్తే చాలు, అద్దాల పవరు నాలుగు దాటకూడదు. ఐ.టి.ఐ. చదివినవాళ్ళను తీసుకునే టెక్నీషియన్ ఉద్యోగాల్లో చాలావాటికి ఇలాంటి ప్రమాణాలే. ఇంజను నడపడం కాదు గాని ఇంజను విప్పి బిగించే పని ఉంది. పరీక్ష పుస్తకాలకూ ఫీజుకూ మన నిధి నుంచి ఇచ్చాం.

అబ్బాయి వెంటనే ఒప్పుకున్నాడని చెప్పను. రెండు నెలలు నాకు ఫోను చేయలేదు. మూడో నెలలో చేశాడు. టెక్నీషియన్ దరఖాస్తు పెట్టానని ఒక్క ముక్క చెప్పి, "చెల్లిని ఎప్పుడు తీసుకురమ్మంటారు?" అని అడిగాడు.

ఆ పాపకు శిబిరంలోనే కళ్ళజోడు ఇచ్చాం. విశాఖలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి కనుగుడ్డు పొడవు కొలిపించాం. డాక్టరమ్మ అట్రోపిన్ చుక్కలు రాశారు, బడి అయ్యాక చీకటి పడేదాకా ఇంట్లోకి రానివ్వొద్దని వాళ్ళ అమ్మకు నవ్వుతూ చెప్పారు. ఆరు నెలలకొకసారి కొలవాలి. రాకపోకల ఖర్చు సంఘం పెట్టుకుంటుందని కమిటీ తీర్మానం రాసింది. రాత్రి లెన్సుల సంగతి పాప ఇంకా పెద్దదై, తన చేతులతో తానే శుభ్రం చేసుకోగలిగే వయసు వచ్చాక, అప్పటి కొలతలు చూసి ఆలోచిద్దామని డాక్టరమ్మ అన్నారు. మొదటి కొలత నా డైరీలో రాసుకున్నాను. రెండో కొలతకు ఈ రంజాన్ తర్వాత వెళ్ళాలి.